బావగారు పీకిన క్లాసు

ప్రశ్న: అన్నయ్యగారూ, నాకు 43 ఏళ్ళు. నరసరావుపేటలో పద్దెనిమిదేళ్ళుగా టాక్స్ ప్రాక్టీస్ చేస్తున్నాను. కిరాణా కొట్ల వాళ్ళు, ఎరువుల డీలర్లు, టీచర్లు, అందరి రిటర్నులూ వేస్తాను. పోయిన నెల మా మరిది గృహప్రవేశంలో మా బావగారు (మావారి అన్నయ్య, హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు) నా పక్కకి కుర్చీ లాక్కుని కూర్చుని, కొత్త పన్ను విధానం అంటే ఏమిటో నాకు చెప్పడం మొదలుపెట్టారు. ఇరవై నిమిషాలు. అందులోనూ 80సి (పొదుపుల మీద ఇచ్చే పన్ను మినహాయింపు) కింద లక్షన్నర కొత్త విధానంలో కూడా తీసేసుకోవచ్చని తప్పు చెప్పారు. మధ్యలో మా ఆఫీసు కుర్రాడు వచ్చాడు. నా దగ్గరే పని నేర్చుకున్నవాడు. అతన్ని మాత్రం "మీరేమంటారండీ?" అని అడిగారు! అప్పుడు బీటెక్ చదివే మా అమ్మాయి "పెదనాన్నా, దీన్నే మాన్‌స్ప్లెయినింగ్ అంటారు" అనేసింది. పిల్లలంతా నవ్వారు. ఆయన "అంటే ఏంటమ్మా?" అంటే అది ఫోన్లో వెతికి అందరి ముందూ చదివింది. ఆయన మాట్లాడకుండా లేచి వెళ్ళిపోయారు. మూడు వారాలుగా ఫోన్ లేదు. మావారు అమ్మాయి చేత క్షమాపణ చెప్పించమంటున్నారు. ఇంతకీ ఆ మాట తిట్టా? ఎవరు పుట్టించారు? మా అమ్మాయిది తప్పేనా? రేపు మళ్ళీ ఇలాగే జరిగితే నేనేం చెయ్యాలి?

సమాధానం: చెల్లెమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివింది ఆ ఆఫీసు కుర్రాడి కోసం. ఆ ఒక్క వాక్యం లేకపోతే మీ బావగారిని "పాపం, మాస్టారు కదా, ఎవరు దొరికినా పాఠం చెప్తారు" అని వదిలేసేవాణ్ణి. లెక్కల మాస్టార్లకి ఆ అలవాటు ఉంటుంది, నల్లబల్ల లేకపోయినా. కానీ ఆయన ఆ కుర్రాడికి పాఠం చెప్పలేదే, అభిప్రాయం అడిగారు. అతనికి పని నేర్పిన మనిషి పక్కనే కూర్చుని ఉంటే ఆమెకేమో పాఠం. అంటే ఎవరికి చెప్పాలి, ఎవరిని అడగాలి అన్నది ఆయన బుర్రలో ముందే తేలిపోయింది, చదువునీ అనుభవాన్నీ బట్టి కాదు, ఆడా మగా అన్నదాన్ని బట్టి. మీ అమ్మాయి వాడిన మాట సరిగ్గా దీనికే పుట్టింది.

మాన్ అంటే మగవాడు, స్ప్లెయినింగ్ అనేది ఎక్స్‌ప్లెయినింగ్‌కి తోక. రెండు మాటల్ని నరికి అతికించడం ఇంగ్లీషువాళ్ళకి సరదా, బ్రేక్‌ఫాస్టునీ లంచ్‌నీ కలిపి బ్రంచ్ చేసినట్టు. ఎదుటి ఆవిడకి ఆ విషయం తనకంటే ఎక్కువ తెలిసి ఉండొచ్చన్న అనుమానమైనా రాకుండా, ఆవిడ అడక్కుండా, కాస్త జాలి కలిపిన గొంతుతో మగవాడు వివరించడం, అదీ అర్థం. మూడూ ఉండాలి. కేవలం మగవాడు ఏదో వివరించాడు కదా అని ఆ మాట అంటించేస్తే ఇప్పుడు నేను మీకు రాస్తున్నదీ అదే అయిపోతుంది, కానీ మీరు అడిగారు కాబట్టి రాస్తున్నాను, అడగడం అడక్కపోవడంలోనే ఉంది మొత్తం కథ.

ఇక పుట్టుక. దీన్ని రెబెక్కా సోల్నిట్ అనే అమెరికా రచయిత్రి పుట్టించిందని చాలామంది రాస్తుంటారు, అది తప్పు, ఆవిడే కాదని చెప్పింది. కానీ మాట పుట్టడానికి విత్తనం మాత్రం ఆవిడదే. 2003లో కొలరాడోలోని ఆస్పెన్ దగ్గర కొండల్లో ఒక పెద్ద డబ్బున్నాయన ఇంట్లో పార్టీ. సోల్నిట్, ఆవిడ స్నేహితురాలు శాలీ బయల్దేరబోతుంటే ఇంటాయన ఆగమని, పుస్తకాలు రాశావట కదా అని చిన్నపిల్లని మ్యూజిక్ క్లాసు గురించి అడిగినట్టు అడిగాడు. అప్పటికి ఆవిడవి ఆరేడు పుస్తకాలు అచ్చయ్యాయి. ఆ ఏడాదే వచ్చిన పుస్తకం గురించి చెప్పబోయింది. అది ఎడ్‌వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ గురించి. పరిగెత్తే గుర్రం నాలుగు కాళ్ళూ ఒకేసారి గాల్లో ఉంటాయా లేదా అన్నది 1870లలో వరసగా ఫొటోలు తీసి తేల్చినాయన. ఆ పేరు వినపడగానే ఇంటాయన మాట తుంచేసి, మైబ్రిడ్జ్ మీద ఈ ఏడాది చాలా ముఖ్యమైన పుస్తకం ఒకటి వచ్చింది, తెలుసా అని మొదలుపెట్టాడు. చూపు ఎక్కడో దూరంగా పెట్టి చెప్పుకుంటూ పోయాడు. ఈవిడ కూడా అమాయకంగా, అయ్యో నాకు తెలీకుండా ఇదే విషయం మీద ఇంకో పుస్తకం వచ్చిందేమో అనుకుంది! శాలీ మధ్యలో దూరి "అది ఈవిడ పుస్తకమే" అంది. ఆయనకి వినపడలేదు. మూడు నాలుగుసార్లు అంటే గానీ బుర్రకెక్కలేదు. ఎక్కాక మొహం పాలిపోయింది, ఎందుకంటే ఆయన ఆ పుస్తకం చదవనే లేదు, న్యూయార్క్ టైమ్స్‌లో సమీక్ష చదివాడంతే. ఒక్క క్షణం నోరు పడిపోయింది. ఆ తర్వాత మళ్ళీ మొదలుపెట్టాడట.

నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చేది ఆ ముక్కే, మళ్ళీ మొదలుపెట్టడం.

ఈ సంగతి ఆవిడ 2008 ఏప్రిల్‌లో ఒక వ్యాసంగా రాసింది. అందులో మాన్‌స్ప్లెయినింగ్ అన్న మాట ఎక్కడా లేదు. వ్యాసం చేతులు మారి తిరుగుతూ ఉండగా, కొద్ది వారాలకే ఇంటర్నెట్‌లో ఎవరో ఈ మాట వాడారు. ఆ తర్వాత దాన్ని ఆపేవాళ్ళు లేకపోయారు. 2010లో న్యూయార్క్ టైమ్స్ ఆ ఏటి మాటల్లో దీన్నీ వేసింది, 2014లో ఆస్ట్రేలియావాళ్ళ మాక్వరీ నిఘంటువు ఆ సంవత్సరపు మాటగా ఎంచుకుంది, 2018లో ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువులోకీ ఎక్కింది. పదేళ్ళలో ఒక ఎకసెక్కెం మాట నిఘంటువు దాకా నడిచిందంటే దానికోసం ఎంతమంది కాచుక్కూర్చున్నారో చూడండి.

సోల్నిట్‌కి మొదట్లో ఈ మాట అంత నచ్చలేదు. మగవాళ్ళంతా పుట్టుకతోనే ఇంతే అన్నట్టు వినపడుతోందని ఆవిడ బాధ. తర్వాత ఒక పరిశోధక విద్యార్థిని, ఈ మాట మాకు ఎంత అవసరమైందో మీరు చూడాలి, అందరికీ అనుభవమే కానీ చెప్పుకోడానికి పేరు లేకపోయింది అంటే మెత్తబడింది. ఇంకో సంగతి, చాలామంది ఎత్తనిది: ఆ వ్యాసం పార్టీ జోకుతో ఆగదు. తనకి తెలిసిన విషయం మీద ఆడమనిషి మాటకి విలువ లేకపోవడం ఒక చివర, ఇంట్లో కొడుతున్నాడు చంపేస్తాడేమో అని చెప్పినా నమ్మకపోవడం ఇంకో చివర, రెండూ ఒకే తాడు అంటుంది. మీ గృహప్రవేశం కథ మొదట చెప్పిన కొసన ఉంది, తేలికైన కొసన. అయినా తాడు అదే.

సరే, తిట్టా అన్నారు. మనం బూతు అనుకునే అర్థంలో కాదు, కానీ మొహం మీద అంటే తగులుతుంది. ఆ మాట పని చేసే చోటు వేరే ఉంది. మీరూ నేనూ కూర్చుని "ఆరోజు జరిగింది ఏంటి, నాకెందుకు అంత ఒళ్ళు మండింది" అనుకున్నప్పుడు దానికో పేరు దొరికితే సగం భారం దిగుతుంది. అదే మాటని అరవై దాటిన మనిషి మీద, బంధువుల బంతి మధ్యలో, అది కూడా ఆయనకి రాని భాషలో విసిరితే ఆయనకి అర్థం బోధపడదు, నవ్వు మాత్రమే వినపడుతుంది.

ఇక్కడ మీ బావగారి వైపు నుంచి కూడా చూడాలి, ఆయన్ని సమర్థించడానికి కాదు. మాన్‌స్ప్లెయినింగ్‌కి అత్తగారి వరస మాట ఒకటుంది ఇంగ్లీషులో, పేట్రనైజింగ్ అని. దాని మూలం లాటిన్‌లో పాత్రోనుస్, అందులో ఉన్నది పాతెర్, అంటే తండ్రి. పాత రోములో పెద్ద కుటుంబాల వాళ్ళు కొందరికి అండగా ఉండేవాళ్ళు, ఆ అండలో ఉన్నవాళ్ళు పొద్దున్నే వాళ్ళ ఇంటికెళ్ళి దండం పెట్టి రావాలి. మన ఊరి గ్రంథాలయాల్లో, సాహిత్య సంఘాల్లో పాత బోర్డులు చూశారా, మహారాజపోషకులు, రాజపోషకులు, పోషకులు అని మూడు వరసల్లో పేర్లుంటాయి. ఆ పోషకుడే పేట్రన్. ఇంగ్లీషులో మొదట పేట్రనైజ్ చెయ్యడమంటే అండగా నిలవడం, ఆదరించడం, అంతే. ఇప్పటికీ మన బట్టల షాపుల బిల్లు మీద మీ పేట్రనేజికి థాంక్స్ అని ఉంటుంది, దాన్ని ఎవరూ తిట్టనుకోరు. 18వ శతాబ్దం చివరికొచ్చేసరికి అదే మాటకి ఇంకో అర్థం పట్టుకుంది, పోషకుడి ఫోజు పెట్టి ఎదుటివాళ్ళని చిన్నపిల్లల్లా చూడడం అని. కండిసెండ్ అనే మాటదీ ఇదే దారి. దాని అసలు అర్థం కిందికి దిగిరావడం. అంత పెద్దావిడ మనలాంటి వాళ్ళతో దిగొచ్చి మాట్లాడింది అని మెచ్చుకోడానికి వాడేవాళ్ళు. 1813లో జేన్ ఆస్టెన్ నవల ప్రైడ్ అండ్ ప్రెజుడిస్‌లో కాలిన్స్ అనే పాస్టరుగారు తనకి అండగా ఉన్న గొప్పింటావిడ లేడీ కాథరిన్‌ని ఆ మాటతోనే నోరారా పొగుడుతాడు, ఆస్టెన్ పక్కనుంచి నవ్వుతూ ఉంటుంది. ఇవాళ ఎవరినైనా మీరు చాలా కండిసెండింగ్ అనండి, కాఫీ కూడా ఇవ్వరు.

చేసే పని మారలేదు చూశారా. పైనున్నవాడు కిందికి వంగి ఒక మాట చెప్పడం, అప్పుడూ అదే ఇప్పుడూ అదే. నువ్వు పైన, నేను కింద అని ఇద్దరూ ఒప్పుకున్నంత కాలం అది దయ. కిందున్నామనుకున్నవాళ్ళు అసలు నువ్వు పైనున్నావని ఎవరు చెప్పారు అని అడిగిన రోజు నుంచి అదే అవమానం. మీ బావగారు ఇంకా పాత అర్థంలోనే ఉన్నారు. తమ్ముడి భార్యకి నాలుగు మంచి మాటలు చెప్పి, కుటుంబానికి పెద్దగా తన పోషకత్వం తను చేశాననుకుంటున్నారు. మీరు కొత్త అర్థంలో విన్నారు. సరిగ్గానే విన్నారు. కానీ ఆయనకి ఆ గొడవ తెలీదు కాబట్టి తనని ఎందుకు నవ్వుతున్నారో ఆయనకి నిజంగానే అర్థమై ఉండదు.

ఇదంతా బయటినుంచి చెప్పడం లేదు. నేనూ ఈ పని చేసినవాణ్ణే, అదీ గోదారి మీద. కొన్నేళ్ళ కిందట విజయవాడ నుంచి విశాఖ రైల్లో వెళ్తున్నాను. ఎదురుగా కిటికీ పక్కన ఒకావిడ, ముప్పై ఐదు ఉంటాయేమో, ఒళ్ళో లంచ్ బాక్సు, నీలం చుడీదార్. కొవ్వూరు వస్తుండగా నాలో ఉన్న గైడు లేచాడు. అమ్మా, ఇప్పుడు మనం వెళ్ళేది ఆర్చి బ్రిడ్జి, 1997లో అయింది, అదిగో అటువైపు ఉన్నది హేవ్‌లాక్ బ్రిడ్జి, 1900లో తెల్లవాళ్ళు కట్టారు, ఇప్పుడు దాని మీద బండ్లు పోవు, ఇంకోటి కింద రైలు పైన రోడ్డు, అది 1974ది, అని మొదలుపెట్టి, ఆ విల్లు ఆకారం ఎందుకు పెట్టారంటే అందం కోసం అని కూడా తేల్చేశాను. ఆవిడ బుద్ధిగా "ఓహో" అంది. "అవునాండీ" అంది. ఆ అవునాండీ చూసి నాకు ఇంకా హుషారొచ్చింది. బండి బ్రిడ్జి మీద ఉండగానే ఆవిడ ఫోన్ మోగింది. "ఆఁ, వచ్చేశాను, రేపు బ్లాక్ ఎన్ని గంటలిస్తున్నారు? రెండు గంటల్లో బేరింగులు ఎలా చూస్తామయ్యా, కంట్రోల్‌తో నేను మాట్లాడతాన్లే" అంది. నేను బాక్సులోంచి తీసిన పులిహోర ముద్ద చేతిలోనే ఉండిపోయింది. రైల్వేలో వంతెనలు చూసే ఇంజనీరావిడ, బ్లాక్ అంటే పని కోసం రైళ్ళు ఆపి ఉంచే టైము. మర్నాడు ఆ బ్రిడ్జి కిందికే దిగి చూడబోతున్న మనిషికి నేను దాని గురించి చెప్పాను, విల్లు అందం కోసం పెట్టారని. బరువు మోసేది అదే అని ఇంటికొచ్చాక చదువుకున్నాను. ఆవిడ ఒక్క మాట అనలేదు. రాజమండ్రిలో దిగుతూ "వస్తానండీ" అంది. హనుమంతుడి ముందు కుప్పిగంతులంటే ఏమిటో నాకు ఆరోజు తెలిసింది.

సిగ్గేసింది బ్రిడ్జి గురించి తప్పు చెప్పినందుకు కాదు. పక్క సీటు కుర్రాడిని ఏలూరు రాకముందే "ఏం చేస్తుంటావు బాబూ" అని అడిగాను, ఈవిడని అంతసేపటిలో ఒక్కసారి కూడా అడగలేదు. అడగాలని తోచనే లేదు. అడిగి ఉంటే నాకే ఎన్ని సంగతులు తెలిసేవి! ఇప్పటికీ ఆ ఆర్చీల గురించి ఎవరైనా తెలిసినవాళ్ళని అడగాలనే ఉంది.

తాతకు దగ్గులు నేర్పడం అని మనకి సామెత ఎప్పటినుంచో ఉంది, ఇంగ్లీషువాళ్ళకి అమ్మమ్మకి గుడ్లు జుర్రుకోవడం నేర్పొద్దు అనేది ఉంది. కానీ అవి ఎవరు ఎవరికి నేర్పినా సరిపోతాయి, మగా ఆడా తేడా పట్టవు. నాకు తెలిసిన ఒక టీచరమ్మ మాన్‌స్ప్లెయినింగ్‌ని తెలుగులో "మగబోధ" అంటుంది. బాగుంది, మీరూ వాడుకోండి. మీ అమ్మాయికి కూడా చెప్పండి, కనీసం పెదనాన్నకి డిక్షనరీ అక్కర్లేకుండా అర్థమయ్యేది.

మీ అమ్మాయి సంగతికొస్తాను. అది పట్టుకున్న విషయం నిజం. అది అన్న చోటు తప్పు. ఈ రెండిటినీ కలిపి మీవారు క్షమాపణ అంటున్నారు, మీరు విడదీయండి. "నేనన్నది తప్పు పెదనాన్నా" అని చెప్పించారంటే, అమ్మ కోసం నోరు తెరిచినందుకు దానికి పడిన శిక్ష అవుతుంది అది, మళ్ళీ జన్మలో తెరవదు. "అందరి ముందూ అలా చదవకుండా ఉండాల్సింది పెదనాన్నా, నవ్వుతారనుకోలేదు" అనడం వేరు. అది నిజం కాబట్టి చెప్పడానికి కష్టం కూడా ఉండదు. మీవారు వెంట వెళ్ళకూడదు, అది ఒక్కతే వెళ్ళాలి లేదా ఫోన్ చెయ్యాలి, లేకపోతే కోర్టులో హాజరు పరిచినట్టుంటుంది. పనిలో పనిగా దాన్ని కూడా ఒకటి అడగండి, వాళ్ళ అమ్మమ్మకి ఫోన్‌పే నేర్పేటప్పుడు ఎలాంటి గొంతుతో చెప్తుందో. "నీకు అర్థం కాదులే, ఇటివ్వు" అని ఫోన్ లాక్కుంటుంది కదా? మా ఇంట్లో అయితే లాక్కుంటారు. అది మగబోధ కాదు, కానీ పక్క వీధే.

మీవారికి కూడా ఒక మాట. ఆ ఇరవై నిమిషాలూ ఆయన ఎక్కడున్నారు? మీ ఉత్తరంలో ఆయన కనపడలేదు. అన్నయ్య తప్పు చెప్తున్నాడని ఆయనకి తెలీకపోవచ్చు, కానీ తన భార్య పని ఏమిటో తెలుసు కదా. "అన్నయ్యా, ఇది దాని పనేగా, దాన్నే అడుగుదాం" అని ఆయన ఒక్క ముక్క అంటే అమ్మాయి దాకా వచ్చేదే కాదు. శాలీ పాత్ర అక్కడ ఖాళీగా ఉండిపోయింది, పిల్ల దాన్ని తనకి తోచినట్టు నింపింది.

ఇక మీరు. ఇరవై నిమిషాలు ఎందుకు విన్నారని అడగను, ఎందుకో తెలుసు, బావగారు కాబట్టి, చుట్టూ జనం కాబట్టి, మొదటి రెండు నిమిషాల్లో ఆపకపోతే ఆ తర్వాత ఆపడం మర్యాదగా ఉండదు కాబట్టి. అందుకే ఈసారి మొదటి నిమిషంలోనే అనండి, నవ్వుతూనే: "బావగారూ, పొద్దున్న లేస్తే నా పనే ఇది కదా." అంతటితో ఆగకపోతే తప్పు దగ్గర పట్టుకోండి. "80సి కొత్త విధానంలో లేదండీ, పాతదాంట్లోనే." గొంతు పెంచక్కర్లేదు, దీర్ఘం తియ్యక్కర్లేదు, మీ క్లయింటుతో చెప్పినట్టే చెప్పండి. లెక్కల మాస్టారు కదా, లెక్క తప్పని తేలితే ఆయనకి తెలుస్తుంది. "అలాగాండీ, ఓహో" అని మాత్రం అనకండి, దాంతో ఏమవుతుందో గోదారి మీద చూశాను. ఎదుటివాడికి అది చప్పట్లలా వినపడుతుంది.

పెన్షనర్లకి కొత్త విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు అయింది కాబట్టి ఆయనకి ఏ విధానం లాభమో అని ఇక్కడ ఒక పేరా రాసి, కొట్టేశాను. మీకు చెప్పేదేంటి నేను.

మీరే ముందు ఫోన్ చెయ్యండి. గృహప్రవేశం ఊసెత్తొద్దు, ఆయన పెన్షన్ రిటర్ను ఎవరు వేస్తున్నారో కనుక్కోండి. ఆయనే వేసుకుంటుంటే, నిరుటిది ఒకసారి వాట్సాప్‌లో పంపమనండి.